వాన సీను

నరహరి మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వెతుక్కుంటారు. కూర్చున్నచోట కూర్చుని జవాబు చెప్పడం ఆయనకు చేతకాదని కొందరు శిష్యులు, ఇష్టం లేదని మరికొందరు అంటారు. రాజమండ్రిలో నలభై ఏళ్లు బొమ్మలు గీయడం నేర్పిన మనిషి. ఆయన దగ్గర పెన్సిల్ పట్టిన వాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడో కార్టూన్ సినిమాలు తీస్తున్నారు. తిలోత్తమ వాళ్లలో ఒకతె.

ఆ శనివారం పొద్దున ఆమె హైదరాబాదు నుంచి వచ్చి, రైలు దిగి నేరుగా మాస్టారింటికి చేరింది. టీవీలో ఆరేళ్లపాటు పిల్లలు విడవకుండా చూసిన బొల్లి దూడ కథల్ని రెండేళ్లు కష్టపడి సినిమాగా తీసింది. ముందురోజే విడుదలైంది. టీవీలో ఒక్కో కథ పదకొండు నిమిషాలు. బొల్లి దారి తప్పుతుంది, చివరికి తల్లి ఆవును చేరుకుంటుంది. సినిమాలో మాత్రం తల్లి ఏటికి అవతల చిక్కుకుపోతుంది. బొల్లి ఇవతలి గట్టున తడుస్తూ నిలబడిపోతుంది. పాట లేదు, మాట లేదు, పద్నాలుగు నిమిషాలు వాన చప్పుడే.

గొడవంతా ఆ పద్నాలుగు నిమిషాల మీదే. సంజీవి అనే పేరుమోసిన విమర్శకుడు, పదకొండు నిమిషాల కథను గంటన్నరకు సాగదీశారనీ, వాన సీనులో పిల్లలే కాదు కుర్చీలు కూడా నిద్రపోతాయనీ రాశాడు. మరో పత్రికలో ఒకావిడ అదే సీనును ఆకాశానికెత్తి, పెద్దవాళ్లు తప్పక చూడవలసిన సినిమా అంది. పిల్లల కోసం తీసిన సినిమాకు వచ్చిన ఆ మెప్పు తిలోత్తమను తిట్టుకన్నా ఎక్కువ భయపెట్టింది. ఈలోగా నిర్మాత పురుషోత్తం గారు ఫోన్ చేశారు. శనివారం సాయంత్రం ఆరు లోపు ఆ సీను మొత్తం తీసేయాలి, లేదంటే సోమవారం నుంచి చాలా హాళ్లు సినిమాను ఎత్తేస్తాయి. రైల్లో ఆమెకు కన్ను మూతపడలేదు. రెండు సమీక్షలూ మార్చి మార్చి చదువుతూనే ఉంది.

"ఎవరి మాట నమ్మాలి మాస్టారూ?" అంది.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

పదకొండు గంటల ఆటకు హాల్లో ముప్ఫై మందికి మించి లేరు. మాస్టారు ముందు వరసలో చివరి కుర్చీ చూపించి, "తెర నువ్వు చాలాసార్లు చూశావు. వెనక్కి తిరిగి కూర్చో," అన్నారు.

ఆమె అలాగే కూర్చుంది. బొల్లి బురదలో జారిపడ్డప్పుడు పిల్లలు నవ్వారు. ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది. అంతలో వాన మొదలైంది. మొహాల మీద నీలం వెలుతురు పరుచుకుంది. ఒక తండ్రి ఫోన్ తీశాడు. ఇద్దరు అక్కచెల్లెళ్లు కుర్చీ మీద కాళ్లు మడిచి, మళ్లీ చాపి, మళ్లీ మడిచారు. ఎవరో ఆవలించారు. ప్రతి కదలికా ఆమెకు సంజీవి రాసిన వాక్యంలాగే కనిపించింది. ఉరుము వినపడగానే, ఐదేళ్లుంటాయేమో, పసుపు గౌనులో ఉన్న ఒక పాప కుర్చీ దిగి, తెరకు వీపు పెట్టి, చెవులు మూసుకుని తలుపు వైపు నడిచింది. వెనకాలే అమ్మమ్మ.

అయిపోయింది, సీను తీసేయాల్సిందే, అనుకుంది తిలోత్తమ. లేచి వాళ్ల వెనకే బయటికి వెళ్లింది.

పాప గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తిలోత్తమ ఎవరో వాళ్లకు తెలియదు. ఆమె ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ పక్కనే ఆగింది.

"వాన తగ్గిందా అమ్మమ్మా?" అని పాప అడిగింది.

అమ్మమ్మ తలుపు కొద్దిగా తెరిచి చూసి, ఇంకా లేదంది. కాసేపటికి పాప మళ్లీ అడిగింది. అమ్మమ్మ మళ్లీ చూసి వచ్చింది. మూడోసారికి ఆవిడకు విసుగొచ్చి, నచ్చకపోతే ఇంటికి పోదాం పదమంది. పాప ఆవిడ వంక వింతగా చూసింది.

"బొల్లి ఒక్కతే ఉంది కదా," అంది.

ఆ మాట అని, చెవుల మీంచి చేతులు తీసి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయింది. తిలోత్తమ వెంట వెళ్లింది. పాప కుర్చీ దాకా పోలేదు. తలుపు దగ్గరే గోడ పట్టుకుని, తల్లి ఆవు ఏరు దాటి వచ్చేదాకా రెప్ప వేయకుండా చూసింది.

తిలోత్తమ తన చోటికి వచ్చేసరికి మాస్టారు గడ్డం ఛాతీకి ఆనించి హాయిగా నిద్రపోతున్నారు. ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆట అయ్యాక జరిగిందంతా చెప్పి, ఎక్కడిదాకా చూశారని అడిగింది. ఉరుము తర్వాత కాసేపటి నుంచి ఏమీ గుర్తులేదని ఆయన దాచకుండా ఒప్పుకున్నారు. ఆమె మనసులో సీనును వెనక్కి తిప్పుకుంది. ఉరుము తర్వాత ఏటి నీళ్ల బొమ్మలే మూడు నిమిషాలున్నాయి. కథకు అవసరమై కాదు, తన చేత్తో గీసినవి, బాగా కుదిరాయని వదులుకోలేక ఉంచింది.

హాలు మెట్ల మీద నిలబడే పురుషోత్తం గారికి ఫోన్ చేసింది. పద్నాలుగు నిమిషాలు తీయననీ, మూడు తీస్తాననీ, ఏ మూడో తనకు తెలుసనీ చెప్పింది. హాళ్లు పోతే ఆ బాధ్యత నీదేనని ఆయన అన్నారు. నాదేనంది. ఆ హెచ్చరిక ఊరికే పోలేదు. సోమవారం సగం హాళ్లు సినిమాను ఎత్తేశాయి. మిగిలిన సగంలో మూడు వారాలు ఆడింది. సంజీవి తన అభిప్రాయం మార్చుకోలేదు.

అదంతా తర్వాతి సంగతి. ఆ మధ్యాహ్నం రైలు వచ్చే వేళకు ప్లాట్‌ఫారం మీద ఆమె గుబులు ఆపుకోలేక మళ్లీ అదే అడిగింది. ఇంతకీ ఆ ఇద్దరిలో ఎవరు రాసింది నిజమని.

ఈసారి మాస్టారు ఎక్కడికీ కదలలేదు.

"నేను నిద్రపోవడం నిజమే. పాప లేచి వెళ్లిపోవడమూ నిజమే. అవి ఎవరైనా రాస్తారు," అన్నారు. "వాన తగ్గిందా అని అడగడం మాత్రం నీకే వినపడింది."