రైలు దిగిన నలభై మూడో మనిషి

ఓబులేశు చేసిన గంట వేళ కాని వేళ మోగుతోంది. అదీ అతని బాధ.

గుంతకల్లులో ఒక ఆడపిల్లల హాస్టలు ఉంది. పిల్లలు నిద్ర లేవడానికి, చదువుకు కూర్చోవడానికి, భోజనానికి రావడానికి అక్కడ ఒక రైలు పట్టా ముక్కను వేలాడదీసి సుత్తితో కొట్టేవాళ్లు. స్పిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే ఓబులేశు సెలవు రోజుల్లో కూర్చుని, టైము చూసుకుని దానంతటదే మోగే గంట పెట్టె ఒకటి తయారుచేసి వాళ్లకిచ్చాడు. అతను సొంతంగా చేసిన మొదటి వస్తువు అది.

నెల రోజులు బాగానే మోగింది. ఆ తర్వాత వారానికి ఒకసారో రెండుసార్లో, ఎవరూ అడగకుండానే, గణగణమని ఒక్క క్షణం మోగి ఊరుకునేది. పిల్లలు కంచాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లు. అన్నం ఇంకా పొయ్యి మీదే ఉండేది.

"సోమవారం పొద్దున దాకా చూస్తా ఓబులేశూ," అంది వార్డెనమ్మ. "బాగైతే సరే. కాకుంటే నీ పెట్టె నువ్వు తీసుకొనిపో. నా పట్టా ముక్క నాకుంది. అది ఎవరూ కొట్టకుండా మోగదు."

ఆ మాట ఓబులేశుకు గట్టిగానే తగిలింది. వాచ్‌మన్ అప్పుడే పట్టా ముక్కకు తుప్పు గీకుతూ కూర్చున్నాడు మరి.

పెట్టెలో ఏ తీగ తప్పు చేస్తోందో పట్టుకోవడానికి అతను అంతకుముందే బెంగుళూరు వెళ్లి పాత లాజిక్ అనలైజర్ ఒకటి కొన్నాడు. డాక్టరు నాడి చూసినట్టు తీగల నాడి చూసే యంత్రం అది. ఏ తీగలో కరెంటు ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడింది అనేది తెర మీద పచ్చగా గీతలు గీసి చూపిస్తుంది. మూతపడిన ఏదో ఫ్యాక్టరీ సామానులో దొరికింది. ఇనప్పెట్టెంత బరువు. రైల్లో దాన్ని సీటు కింద పెట్టి, కాలు ఆనించుకుని కూర్చుని తెచ్చుకున్నాడు.

మొదట దానికి పదహారు తీగల నాడి చూసే శక్తి ఉండేది. చాలదనిపించింది. మళ్లీ వెళ్లి ఇంకో కార్డు తెచ్చి బిగించి ముప్పై రెండు చేశాడు. గరగరమంటున్న ఫ్యాను మార్చాడు. తీగలను పట్టుకునే కొక్కేల్లో పట్టు వదిలినవి తీసేసి కొత్తవి వేశాడు. హాస్టల్లో ఆఫీసు గదిలో గంట పెట్టె పక్కనే దాన్ని పెట్టి, ముప్పై రెండు కొక్కేలూ తగిలించి, సెలవు దొరికినప్పుడల్లా దాని ముందు కూర్చున్నాడు. గంట మాత్రం చిక్కలేదు.

బెంగుళూరు దుకాణంవాడు ఫోన్ చేశాడు. ఆ యంత్రానికి నాలుగింతల మెమరీ ఉన్న కార్డు ఒకే ఒక్కటి వచ్చిందట. కావాలంటే ఆదివారం లోపల చెప్పమన్నాడు. మోపెడ్ అమ్మితే గాని అది రాదు. ఓబులేశు మోపెడ్ కొనే మనిషిని కూడా చూసుకున్నాడు. అయితే ఏ పనికైనా ముందు దస్తగిరి మేస్త్రీకి ఒక మాట చెప్పడం అతనికి అలవాటు.

దస్తగిరి మేస్త్రీ రైల్వేలో ముప్పై ఆరేళ్లు సిగ్నళ్లు బాగుచేసి రిటైరైనాడు. ఆదివారం పూట ఆయన వసారాలో బల్ల దగ్గరికి వెళ్లినవాళ్లకు పని నేర్పుతాడు. నోటితో నేర్పేది తక్కువ. టంకం తప్పుగా వేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపుతాడు. సరిగ్గా వేస్తే ఏమీ అనడు.

ఓబులేశు వెళ్లేసరికి ఆయన ఒక పాత రేడియోకు దుమ్ము దులుపుతున్నాడు.

"మేస్త్రీ, మెమరీ చాలడంల్యా."

"ఎవురికి?"

"నాకు కాదు మేస్త్రీ, యంత్రానికి!"

"ఓ," అన్నాడు మేస్త్రీ, దుమ్ము దులుపుతూనే.

"బటన్ నొక్కితే కండ్లు మూసి తెరిసేలోపల దాని కడుపు నిండిపోతాది. గంట చూస్తే వారానికోసారి. నేను నొక్కినప్పుడు అది మోగదు. అది మోగినప్పుడు నేను నొక్కి ఉండను. నాలుగింతలు మెమరీ ఉంటే చిక్కుతాదేమో అని..."

"దేనికోసం చూస్తాండావు?"

"అన్నిటికోసం మేస్త్రీ. ముప్పై రెండు తీగలూ పట్టినా. ఒక్కటి గూడా తప్పిపోగూడదని."

మేస్త్రీ గోడ గడియారం వైపు చూశాడు. గుడ్డ బల్ల మీద పెట్టాడు.

"గుత్తి తట్టు నుంచి ప్యాసింజరొచ్చే టైమైంది. మా స్నేహితుడొకాయన అన్నానికి వస్తాండాడు. పోయి పిల్చుకొనిరా పో."

ఓబులేశు చెప్పులు వేసుకున్నాడు. మేస్త్రీ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"ఏమన్నా అడగల్లా?"

"వచ్చినాక మాట్లాడదాం మేస్త్రీ. ఆ దుకాణమాయనకు ఈ పొద్దే చెప్పల్ల," అంటూ ఓబులేశు వీధిలోకి దిగాడు.

ప్లాట్‌ఫారం మీద రైలు ఆగినాక గాని అతనికి తెలిసిరాలేదు, తను పిలవాల్సిన మనిషిని తనెప్పుడూ చూడలేదని. పేరు కూడా తెలియదు. మేస్త్రీ దగ్గర సెల్లు లేదు. ఒక్కసారిగా జనం దిగారు. కనపడిన పెద్దాయననల్లా ఆపి, "దస్తగిరి మేస్త్రీ ఇంటికా?" అని అడిగాడు. ఒకాయన కాదన్నాడు. ఒకాయన మేస్త్రీ ఎవరని ఎదురడిగాడు. మూడో ఆయన "దారి ఇడువప్పా, ఆస్పత్రికి పోవల్ల" అని విసుక్కున్నాడు. ఈ లోపల ముప్పై మంది దాటిపోయారు.

అతని జేబులో గంట మోగిన వేళలు రాసుకునే చిన్న పుస్తకం ఉంది. ఏదీ తప్పిపోకూడదని దాన్ని తీసి, గేటు పక్కన నిలబడి, వచ్చేవాళ్లను వచ్చినట్టే రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ ఉంటే జనం వెళ్తూనే ఉన్నారు. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. పుస్తకంలో కాగితాలూ అయిపోయాయి.

తలవంచుకుని తిరిగొచ్చేసరికి వసారాలో మంచం మీద ఒక ముసలాయన కాళ్లు చాపుకుని కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. గోడకు గొడుగు ఒకటి వేలాడుతోంది.

"యాడ మా స్నేహితుడు?" అన్నాడు మేస్త్రీ.

"దొరకల్యా మేస్త్రీ. అయితే దిగినోళ్లను రాసుకొనొచ్చినా. అరవై ఒక్కమంది."

"అబ్బో. చదువు చూద్దాం."

ఓబులేశు చదివాడు. "ఒకటి, సంచి పట్టుకున్న ఆడమనిషి. రెండు, ఆ యమ్మ బిడ్డ. మూడు, పోలీసాయన. నాలుగు, టీ క్యాన్ మనిషి... ఈయన దిగల్యా, ఎక్కినాడు, పొరపాటున రాసినా."

మంచం మీద ముసలాయనకు మజ్జిగ పొలమారింది.

ఓబులేశు చదువుకుంటూ పోయాడు. కోడిపుంజును చంకలో పెట్టుకున్నాయన వచ్చాడు. ఒకే రకం చొక్కాలు వేసుకున్న ముగ్గురు వచ్చారు. "నలభై రెండు, మందుల సంచి. నలభై మూడు, ముసలాయన, నల్ల గొడుగు, స్టీలు క్యారియరు. నలభై నాలుగు..."

"ఆగు," అన్నాడు మేస్త్రీ. "ఆ ముందరిది ఇంకోసారి చదువు."

"నలభై మూడు. ముసలాయన, నల్ల గొడుగు, స్టీలు క్యారియరు."

ముసలాయన గ్లాసు కింద పెట్టాడు. "అది నేనే గదప్పా! నీ పక్కనే నిలబడి టైమెంత అని అడిగితి. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే పదకొండుంపావు అని చెప్తివి. శానా మర్యాదస్థుడనుకున్నా."

ఆయన పేరు లాజరు. గుత్తి దగ్గర రైలు గేటు కాపలా ఉండి, మేస్త్రీ కంటే ముందే రిటైరైనాడు.

ఓబులేశు అప్పుడు గోడ మీది గొడుగును చూశాడు. నల్ల గుడ్డ మధ్యలో అరచెయ్యంత ఎర్రటి మాసిక ఉంది.

"పాత ఎర్రజెండా అది," అన్నాడు లాజరు. "ఇరవై ఏండ్లు దాంతో రైళ్లు ఆపినా. ఇప్పుడు వాన ఆపుతాంది. స్టేషన్లో ఎవుర్నన్నా అడుగు, ఎర్ర మాసిక గొడుగంటే నన్నే చూపిస్తారు."

"అందరూ ఒక్కసారే మీద పడినారు మేస్త్రీ," అన్నాడు ఓబులేశు. "పుస్తకం గూడా చిన్నదైపాయ. ఇంకో పెద్ద పుస్తకం ఉండి, తోడుకు ఇంకో ఇద్దరు మనుషులుంటే..."

అక్కడ ఆగిపోయాడు.

మేస్త్రీ లోపలికి వెళ్లి మూడు కంచాలు తెచ్చాడు. లాజరు తెచ్చిన క్యారియరులో కోడికూర ఉంది. ముగ్గురూ తిన్నారు. ఆ ఇద్దరూ పాత స్టేషను మాస్టర్లను తలుచుకుని నవ్వుకుంటుంటే, ఓబులేశు తల ఎత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, మెమరీ మాట ఎత్తకుండానే హాస్టలుకు వెళ్లిపోయాడు.

ఆ యంత్రానికి కుడివైపు కింద ఒక మీట ఉంది. కొన్ననాటి నుంచి దాన్ని అతను ముట్టుకోలేదు. దాని పని ఒక్కటే. ఫలానాది జరిగినప్పుడు ఆగు అని యంత్రానికి ముందే చెప్పిపెట్టడం. అంతవరకు యంత్రం చూస్తూ, చూసింది మరిచిపోతూ ఉంటుంది. చెప్పింది జరగగానే ఆగిపోయి, అంతకు కాస్త ముందు జరిగినదంతా తెర మీద నిలబెడుతుంది. అయితే ఆ ఫలానాది ఏమిటో చెప్పేవాడికి తెలియాలి.

ఓబులేశు యంత్రం ముందు కూర్చుని, ఏది జరిగితే ఆగమనాలా అని తీగలను వరసగా చూసుకున్నాడు. తర్వాత కొక్కేలు ఒక్కొక్కటే తీసేశాడు. నాలుగు మిగిలాయి. గంటకు వెళ్లే తీగ పైకి లేచినప్పుడు ఆగమని మీట తిప్పి పెట్టాడు. ఇక చెయ్యడానికి అతనికి పని లేదు. కిటికీలోంచి బట్టలారేస్తున్న పిల్లలను చూస్తూ కూర్చున్నాడు.

అయిదు దాటినాక గంట గణగణమని ఒక్క క్షణం మోగి ఊరుకుంది.

పిల్లలు కంచాలతో పరుగెత్తుకొచ్చారు. వెనకాలే వార్డెనమ్మ వచ్చింది. "ఇదేనా నువ్వు బాగుచేసింది?" అని ఆమె కోప్పడబోతుంటే ఓబులేశు లేచి నిలబడి, "మోగింది మేడం! మోగింది!" అని చప్పట్లు కొట్టాడు. పిల్లలు కంచాల మీద తాళం వేసి ఇంకా గోల చేశారు.

తెర మీద గీతలు కదలకుండా నిలిచి ఉన్నాయి. గంట తీగ లేచే ముందు ఇంకో తీగ ఒక్కసారి కిందికి కుంగింది. పెట్టె ఒక్క క్షణం సొమ్మసిల్లి లేచిన గుర్తు అది. లేవగానే, ఇంకా తెలివి కుదురుకోక ముందే, గంట కొట్టేస్తోంది. ఎందుకు సొమ్మసిల్లిందా అని ఓబులేశు చెవి పెట్టి విన్నాడు. వంటింటి వెనక నుంచి గుయ్యిమని చప్పుడు వస్తోంది. వీధి కుళాయి నీళ్లు ఎప్పుడు వస్తాయో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు వంటామె పరుగున పోయి మోటరు వేస్తుంది. మోటరు అందుకున్న ఆ క్షణంలో, ఒక్కోసారి, పెట్టెకు కరెంటు తగ్గుతోంది.

కుంగిన తీగ దగ్గర, కరెంటు తగ్గిన క్షణం ఆదుకునే గోరంత కెపాసిటర్ ఒకటి పెట్టాడు. పెట్టె తెలివిలోకి వచ్చేదాకా గంట తీగ లేవకుండా పట్టి ఉంచే చిన్న రెసిస్టర్ ఒకటి పెట్టాడు. రెండూ అతని డబ్బాలో ఉన్నవే. వంటామెతో మోటరు ముప్పైసార్లు వేయించాడు, ఆపించాడు. "నీ గంటకేమో గాని నా చెయ్యికి జబ్బొచ్చేట్టుంది నాయనా," అందామె. గంట మోగలేదు. ఎనిమిదింటికి, భోజనం వేళకు, మోగింది.

సోమవారం పొద్దున వార్డెనమ్మ పట్టా ముక్కను తీసుకెళ్లి దుప్పట్ల గదిలో, తలుపుకు అడ్డం పెట్టించింది.

ఆ పై ఆదివారం ఓబులేశు మోపెడ్ మీదే మేస్త్రీ ఇంటికి వచ్చాడు. జరిగింది చెప్పాడు. మేస్త్రీ "ఊ" అన్నాడు. రేడియో ఇప్పుడు పాడుతోంది.

"ఆ మెమరీ కార్డు ఇంకా అమ్ముడుపోల్యాదంట మేస్త్రీ," అన్నాడు ఓబులేశు. "దుకాణమాయన మళ్లీ ఫోన్ చేసినాడు. మోపెడ్ అమ్మే పనిల్యా, నెలనెలా కొంచెం ఇయ్యి అంటాండాడు. గంట సంగతి తీరిపాయ గదా. కొనల్లా, వద్దా?"

మేస్త్రీ గడియారం వైపు చూశాడు.

"ప్యాసింజరొచ్చే టైమైంది. ఈ పొద్దు ఇంకొకాయన వస్తాండాడు. పోయి పిల్చుకొనిరా."

ఓబులేశు లేచి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ఆయన గుర్తేంది మేస్త్రీ?"

దస్తగిరి మేస్త్రీ రేడియో చప్పుడు కొంచెం తగ్గించాడు.

"కొనుక్కోప్పా," అన్నాడు.