గుబురమ్మ వీపు

అనగనగా ఒక కొండ అడవి. అక్కడ ఎటు చూసినా ఇప్పచెట్లే. ఆ చెట్ల మధ్య గుబురమ్మ అనే ఎలుగుబంటి, దాని కూతురు నూగు ఉండేవి. ఎలుగు పిల్లలు తల్లి వీపెక్కి తిరుగుతాయని మీకు తెలుసు కదా పిల్లలూ. నూగు అయితే నేల మీద కన్నా అమ్మ వీపు మీదే ఎక్కువసేపు ఉండేది.

ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎండాకాలంలో తొలివాన పడగానే బండ మీది గుంటలో నీళ్లు నిలుస్తాయి. వాటిలో ఇప్పపూలు నాని పులుస్తాయి. అప్పుడు జంతువులన్నీ చేరి తలో రెండు గుక్కలు తాగి, కాసేపు తూగి, నవ్వుకుంటూ ఇళ్లకు పోతాయి.

గుబురమ్మను చిన్నప్పటి నుంచీ వాళ్లమ్మ అటు పోనిచ్చేది కాదు. ఎందుకో మాత్రం చెప్పకుండానే పోయింది. ఒక ఏడు కొండముచ్చు తనతో రమ్మని పట్టుబట్టింది.

"రెండు గుక్కలే కదా అక్కా. ఏటా తాగుతాను, నాకేమైనా అయిందా?" అంది.

కొండముచ్చుకు నిజంగానే ఏమీ కాలేదు. రెండు గుక్కలకే తల తిరిగి, "ఇక చాలు బాబూ" అని చెట్టెక్కి పడుకుంది. గుబురమ్మకు తల తిరగలేదు. బుద్ధెరిగాక అంత హాయి అది ఎరగదు. కడుపు ఉబ్బేదాకా తాగింది.

మర్నాడు మళ్లీ వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. వారం తిరిగేసరికి దానికి చెదపురుగులు చప్పబడ్డాయి, తేనె కూడా చప్పబడింది. తాగని పూట కాళ్లు వణికేవి. నూగు "ఆకలమ్మా" అంటే, "ఉండవే, ఇప్పుడే వస్తా" అని బండ వైపు నడిచేది.

ఒకరోజు నూగును వీపున వేసుకునే తాగింది. బండ దిగేటప్పుడు కాలు తడబడింది. నూగు జారి రాళ్ల మీద పడి ముందుకాలు విరగ్గొట్టుకుంది. గుబురమ్మకు ఆ సంగతే తెలియలేదు. ఖాళీ వీపుతో ఇంటికి నడిచి వెళ్లిపోయింది.

నూగును దుప్పి చూసి, ఒంటి నిండా పొలుసులుండే అలుగు తాత దగ్గరికి చేర్చింది. ఆ తాతకు మందులు తెలుసు. మత్తు దిగాక గుబురమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. అమ్మను చూసి నూగు దుప్పి వెనక్కి జరిగింది. ఏ తల్లికీ అంతకన్నా పెద్ద శిక్ష ఉండదు.

జంతువులన్నీ అక్కడ మూగాయి. "సిగ్గుండాలి" అంది కుందేలు.

"మనసు గట్టిగా ఉంటే మానలేకపోవడం ఏమిటి?" అంది నక్క.

"నేను రెండు గుక్కలతో ఆపడం లేదా?" అంది కొండముచ్చు.

అలుగు తాతకు కోపం వచ్చింది. "నువ్వు ఆపలేదురా, నీ ఒళ్లు ఆపింది" అంది. తరువాత గుబురమ్మ వైపు తిరిగింది. "ప్రతి తలలోనూ ఒక చిన్న గంట ఉంటుందమ్మా. తేనె దొరికితే మోగుతుంది, బిడ్డ నవ్వితే మోగుతుంది. ఈ నీళ్లు దాన్ని బాదుతాయి. బాదగా బాదగా చిన్న సంతోషాలకు అది పలకదు. కొందరికి పుట్టుకతోనే ఈ నీళ్లంటే ఆ గంట మరీ గట్టిగా మోగుతుంది. మీ నాన్నకూ అంతే. ఆ గుంట దగ్గరే పోయాడు. ఆయన గోళ్లు నీకు వచ్చినట్టే ఇదీ వచ్చింది. అది నీ తప్పు కాదు. ఇక మీద ఏం చేస్తావన్నది మాత్రం నీదే."

"నా గంట మళ్లీ మోగుతుందా తాతా?"

"మోగుతుంది. నెలలు పడుతుంది. ఒంటరిగా మాత్రం నీవల్ల కాదు."

గుబురమ్మ మానింది. మూడో రోజే ఓడిపోయి మళ్లీ తాగి, తలదించుకుని వచ్చింది. తాత తిట్టలేదు, వణుకు తగ్గే వేరు నూరి ఇచ్చింది. కొండముచ్చు ఆ గుంటను రాళ్లతో పూడ్చి, రోజూ గుబురమ్మకు తోడు నడిచింది. నక్క మాత్రం సణుగుతూనే ఉంది, దాని సంగతి వదిలేయండి.

వానాకాలం వెళ్లింది. ఒక పొద్దున చెదపుట్ట తవ్వుతుంటే గుబురమ్మకు రుచి తెలిసింది. ఏడుస్తూనే తింది. తిన్నగా తాత దగ్గరే ఉంటున్న కూతురి వద్దకు వెళ్లింది.

"ఇంకెప్పుడూ తాగవా?" అని అడిగింది నూగు.

తాగనని ఒట్టు వేయడం తేలికే. గుబురమ్మ వేయలేదు. "తెలియదే. ఇవాళ తాగలేదు. తాగాలనిపిస్తే ముందే నీకు చెప్తాను. అప్పుడు నా వీపెక్కకు. ఇంకో మాట. ఈ గుణం నీ ఒంట్లో కూడా ఉండొచ్చు. నువ్వు మొదటి గుక్క కూడా ముట్టుకోకు. ఎందుకో మా అమ్మ నాకు చెప్పలేదు. నేను నీకు చెప్తున్నాను."

 నూగు కుంటుతూ వచ్చి, తల్లి మెడ వెంట్రుకలు పట్టుకుని వీపెక్కింది.

గుబురమ్మ కదలలేదు. అడుగు వేయాలంటే దానికి భయం వేసింది.

"నడువమ్మా" అంది నూగు. "నేను గట్టిగానే పట్టుకున్నా."

నీతి: ఒకే గుక్క అందరి ఒంట్లోనూ ఒకేలా పనిచేయదు. వ్యసనంలో పడ్డవారిని వెక్కిరించక వారికి తోడు నిలవాలి, వంశంలో ఉన్న ముప్పును పిల్లలకు దాచక చెప్పాలి.