దిష్టిబొమ్మకు కళ్ళజోడు

ప్రశ్న అడిగితే కొందరు గురువులు కళ్ళు మూసుకుంటారు, కొందరు పుస్తకం తెరుస్తారు. నాంచారయ్యగారు మాత్రం చెప్పులు వేసుకునేవారు. వయసులో ఉండగా బంగారప్పని చేసేవారాయన. చెయ్యి వణకడం మొదలయ్యాక కుంపటి ఆర్పేసి, ఇంటి ముందు పంచలో చాప పరిచి, వచ్చిన నలుగురికీ తత్త్వం చెప్పుకుంటూ ఉండేవారు. శిష్యులంటే కాషాయాలు కట్టినవాళ్ళేమీ కారు. ఒక కిరాణా కొట్టాయన, ఇద్దరు టీచర్లు, ఒక కాంపౌండరు, అంతా పిల్లా పీచూ ఉన్న సంసారులే. ఎవరికైనా సందేహం వస్తే "పద, చూసొద్దాం" అని ఆయన లేచేవారు. ఏ కూరల బజారుకో, ఏ ఆసుపత్రికో తీసుకెళ్ళి, అక్కడ జరిగిందేదో చూపించి, తిరిగి ఇంటికొచ్చి మజ్జిగ తాగేవారు. సమాధానం దార్లో దొరికినవాడికి దొరికేది. దొరకనివాడు మళ్ళీ అడిగేవాడు, మళ్ళీ నడిచేవాడు. అందుకే ఆయన శిష్యుల్లో బొజ్జలున్నవాళ్ళు తక్కువని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. ఆ ఊరి పేరు మాత్రం అడక్కండి. కథలో మునిసిపల్ ఆఫీసు వస్తుంది, మన ఇంటిపన్ను కట్టాల్సిందీ అక్కడే.

ఆ శిష్యుల్లో కోటిలింగం అని ఒకాయన ఉండేవాడు. పాత ఇళ్ళు కొని, బాగుచేయించి, అమ్ముకోవడం ఆయన వృత్తి. మనసు మెత్తనిదే గానీ, కోపం మాత్రం పాల మీద పొంగులా వచ్చేది. ఒక సాయంత్రం ఆయన చాప మీద కూలబడి, దణ్ణం కూడా సగమే పెట్టి, మొదలుపెట్టాడు.

"గురువుగారూ, అందరిలోనూ ఉన్నది ఒక్కడేనని మీరు చెప్తారు. వీధికుక్కలో ఉన్నాడన్నారు, ఒప్పుకున్నాను. మా బావమరిదిలో ఉన్నాడన్నారు, కష్టపడి ఒప్పుకున్నాను. మునిసిపల్ ఆఫీసులో ప్లాన్ల సెక్షన్లో ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చున్నాయనలో కూడా ఉన్నాడంటారా?"

చాప మీదున్న వాళ్ళందరూ నవ్వారు. నాంచారయ్యగారు నవ్వలేదు. సంగతేమిటో మొదట్నుంచీ చెప్పమన్నారు.

సంగతి ఇదీ. పెంకుటిళ్ళ వీధిలో కోటిలింగం ఒక పాత ఇల్లు కొన్నాడు. దాన్ని కొనుక్కోవడానికి దుర్గాంబ అనే నర్సమ్మ ముందుకొచ్చింది. ఆవిడ భర్త పూర్ణయ్య ఒకప్పుడు బస్సు డ్రైవరు. షుగరు ముదిరి కాలు తీసేశారు. ఆ దంపతులు అద్దెకున్నది లిఫ్టు లేని మేడ మీద. ఆసుపత్రి నుంచి మోసుకొచ్చి పైన దింపిన రోజు నుంచీ ఆయన నేల మీదికి దిగలేదు. తాడు కట్టిన బుట్ట కిందికి వదిలి కూరలు కొనుక్కుంటాడు. బేరం కుదిరినా సరే, కూరలమ్మిని కాసేపు వదలడు. బజార్లో ఎవరెవరున్నారు, ఏ బస్సు ఆలస్యమైంది అని పైనుంచే కబుర్లు అడుగుతాడు. జిల్లా అంతా తిరిగిన మనిషి మరి. ఆయన చక్రాల కుర్చీ తనంతట తాను వీధిలోకి దిగేటట్టు గుమ్మం ముందు ఒక వాలు కట్టిస్తానని కోటిలింగం మాటిచ్చాడు. ఆ మాట మీదే బేరం కుదిరింది. కానీ మంజూరైన ప్లాను లేనిదే బ్యాంకువాళ్ళు దుర్గాంబకు అప్పివ్వరు. ప్లానేమో మంజూరు కాదు.

ఆ ఆఫీసు చుట్టూ ఎంత తిరిగాడో కోటిలింగం చెప్పుకొచ్చాడు. సర్వరు పనిచేసిన నాడు సారు మీటింగులో ఉంటాడు. సారు కుర్చీలో ఉన్న నాడు కరెంటు పోతుంది. రెండూ ఉన్న నాడు ఇంజినీరు సంతకం చాలా పాతబడిందని, కొత్తది తెమ్మంటారు. రోడ్డు వెడల్పెంతో కొలిచి రాసుకురమ్మన్నారట. రోడ్డేమో వాళ్ళదే. తన సొంతిల్లు పరాయివాణ్ణి కొలవమన్న మనిషిని ఎక్కడైనా చూశామా అని కోటిలింగం వాపోయాడు. ఇవన్నీ దాటుకుని లోపలికెళ్తే ఆ కుర్చీలో అప్పలస్వామి అనే ఆయన, ఉత్తరాంధ్ర నుంచి బదిలీ మీద వచ్చినాయన, కళ్ళజోడు పెట్టుకుని, చొక్కా కాలరులో చెమట రుమాలు దోపుకుని, తల కూడా ఎత్తకుండా ఒక్క మాటే చెప్తాడు. గుమ్మం ముందు వాలు మురుగుకాలవ మీదికి పోతోంది, అది కుదరదు, వాలు మీ స్థలంలోనే చూపించండి. అంతే. లంచమైనా అడిగుంటే ఆ డబ్బేదో మొహాన పారేసి పని చేయించుకునేవాణ్ణి, అడగనూ అడగడు, చెయ్యనూ చెయ్యడు, ఇలాంటి మనిషిని ఏం చేసుకోవాలి అని కోటిలింగం బాధ.

నాంచారయ్యగారు లేచి చెప్పులు వేసుకోబోయి, ఇప్పుడు ఆఫీసు మూసేసి ఉంటారని గుర్తొచ్చి, మర్నాడు స్కూటరు తీసుకురమ్మన్నారు.

మర్నాడు ఇద్దరూ వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు. తమ వంతు వచ్చినప్పుడు కోటిలింగం గొంతు సవరించుకుని వాదనకు దిగబోయాడు. గురువుగారు మోకాలి మీద చెయ్యి వేసి ఆపి, తానే అన్నారు, బాబూ, సంతకం కోసం రాలేదు, మీరొకసారి వచ్చి ఆ ఇల్లు చూడాలి, తీరికెప్పుడు అని. అప్పలస్వామి మొదటిసారి తలెత్తాడు. తనను ఎక్కడికైనా రమ్మని పిలిచినవాళ్ళు ఆ మధ్య ఎవరూ లేరు కాబోలు. భోజనం వేళకు ఇంటికెళ్తూ అటొస్తానన్నాడు.

వాళ్ళ స్కూటరు ముందు, ఆయన మోపెడ్ వెనక. పెంకుటిళ్ళ వీధి మలుపు దగ్గరికి రాగానే కోటిలింగం బ్రేకు నొక్కాడు. ఒక సంగతి ఆయన మర్చేపోయాడు. కట్టుబడి జరుగుతున్న ఇంటికి దిష్టిబొమ్మ కట్టడం మన వాళ్ళందరూ చేసేదే. పాత ప్యాంటూ చొక్కాల్లో గడ్డి కూరి, కుండకు మొహం గీసి, గుమ్మం పైన వేలాడదీస్తాం. ఈ ఇంటికీ మేస్త్రీ ఏసోబు అలాగే కట్టాడు. కట్టినవాడు ఊరుకోకుండా, యజమాని ఆఫీసు నుంచి రోజూ తిట్టుకుంటూ వస్తున్నాడు కదా, కాస్త నవ్విద్దామని, దానికొక కళ్ళజోడు పెట్టి, కాలరులో చెమట రుమాలు దోపాడు. కోటిలింగం పడీపడీ నవ్వి, తన జేబులో పెన్ను తీసి దాని జేబులో పెట్టాడు. ఆనాటి నుంచీ వీధి వీధంతా దాన్ని "ప్లానింగ్ సారు" అనే పిలుస్తోంది. పొద్దున్నే లేచి సారుకి దణ్ణం పెట్టేవాళ్ళు కూడా తయారయ్యారు.

కోటిలింగం స్కూటరు పక్కసందులోకి తిప్పి, వెనక గుమ్మం నుంచి వెళ్దామండీ, ఎండగా ఉంది అన్నాడు. ఊళ్ళో సందులన్నీ కొలిచిన మనిషి అప్పలస్వామి. ఆ సందుకు అవతలివైపు దారి లేదని చెప్పి, తిన్నగా వెళ్ళి ఇంటి ముందే మోపెడ్ ఆపాడు.

ఆపి, తలెత్తి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. అరుగుల మీద ఆడవాళ్ళు మాటలాపేశారు. ఏసోబు ఇసక్కుప్ప వెనక ఏదో వెతుక్కుంటున్నట్టు వంగిపోయాడు. ఇంక ప్లాను సంగతి దేవుడెరుగు, పూర్ణయ్య ఈ జన్మకు మేడ దిగడని కోటిలింగం అనుకున్నాడు.

"ఇదెందుకు కడతారండీ?" అని అప్పలస్వామి నెమ్మదిగా అడిగాడు. తెలియక కాదు.

నాంచారయ్యగారు ఉన్నదున్నట్టు చెప్పారు. "ఇంటి మీద పడాల్సిన చెడుచూపు దీని మీద పడాలని, బాబూ. ఊరందరి కోపమూ ఇది తీసుకుంటుంది, ఇల్లు చల్లగా ఉంటుంది."

అప్పలస్వామి తలూపాడు. మెడ దగ్గర చెమట తుడుచుకోవడానికి చెయ్యి రుమాలు దాకా వెళ్ళి, బొమ్మ వంక చూసి, వెనక్కి వచ్చేసింది. తర్వాత ఆయన చెప్పిన మాట కోటిలింగం చాలాకాలం మర్చిపోలేదు.

"మా అమ్మ రోజూ ఈ దారినే కోవెలకెళ్తాదండీ. కళ్ళు సరిగా కనపడవు ఆవిడకి. మొన్నొచ్చి, ఒరే, ఆ వీధిలో నీ బొమ్మ కట్టేర్రా, ఏం మంచి చేసేవో, జనం ఎంత అభిమానం పెట్టుకున్నారో అని సంబరపడిపోయింది. నేను ఔనమ్మా అన్నాను."

కోటిలింగం గబగబా వెళ్ళి అరుగెక్కి బొమ్మను విప్పబోయాడు. ముడి ఊడి రాలేదు. ఉండనీండి, పని పూర్తయ్యేదాకా తీయకూడదు కదా, అమ్మ కూడా రోజూ చూసుకుంటాది అని అప్పలస్వామే వారించి, ఏమీ జరగనట్టు ఇంట్లోకి నడిచాడు.

లోపల ఆయన మళ్ళీ ఆఫీసు మనిషైపోయాడు. గుమ్మం నుంచి కాలవ దాకా చూసి, ఇలా తిన్నగా దింపితే కుదరదని మళ్ళీ అదే పాట పాడాడు. కానీ ఈసారి కోటిలింగం వాదించకుండా, ఎందుకు కుదరదండీ అని అడిగాడు. నిజానికి ఇన్నాళ్ళూ ఆ ఒక్క ప్రశ్నే ఆయన అడగలేదు. వానాకాలం ముందు కాలవలో పూడిక తీస్తారండీ అని అప్పలస్వామి చెప్పాడు. కాలవ మీద ఏం కట్టి ఉన్నా మా వాళ్ళు పగలగొట్టేస్తారు, మళ్ళీ ఎవరూ కట్టించరు, అప్పుడు కుర్చీలో ఆయన ఎటు దిగుతాడు? మేడ మీద నుంచి తెచ్చి ఈ ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే కదా. అలా చెప్పి, వీధివైపు గదిలో నిలబడి, వాలు ఇక్కణ్ణుంచి మొదలెట్టి గోడవారగా తీసుకెళ్ళి ఒక్క మలుపు తిప్పితే, మీ స్థలంలోనే రోడ్డు మట్టానికి వచ్చేస్తుందని కాలితో నేల మీద గీసి చూపించాడు.

అది కోటిలింగానికి తెలియనిదేమీ కాదు. ఏసోబు మొదట్లోనే చెప్పాడు. అయితే ఆ గదికి షట్టరు పెట్టించి కొట్టుగా చూపిస్తే ఇంటికి ధర పెరుగుతుందని ఆయన ఆశ. దుర్గాంబ ఏనాడూ కొట్టు అడగలేదు.

"ఆ గది పోతుందండీ" అన్నాడు నీరసంగా.

"పోతాది" అన్నాడు అప్పలస్వామి, అంతకంటే ఏమీ కలపకుండా. మంచినీళ్ళు కూడా పుచ్చుకోకుండా మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

గది పోయింది. మర్నాడే షట్టరు వాడికి వద్దని కబురు వెళ్ళింది. కొత్త ప్లాను గీయించారు. అంతటితో చిటికెలో మంజూరైపోయిందని చెప్తే మీరు నమ్మరు, నేనూ చెప్పను. కొత్త ప్లాను కనక మళ్ళీ మొదటి కిటికీ నుంచే బయల్దేరింది. అప్పలస్వామి తన సంతకం తను పెట్టాడు గానీ, పైనున్న ఆఫీసరు బదిలీ అయిపోయాడు. ఆయన స్థానంలో వచ్చినాయన రోడ్డు వెడల్పు మళ్ళీ కొలవమన్నాడు. కోటిలింగం టేపు పట్టుకుని కొలిచాడు. తిట్టుకోలేదని అనను. కాకపోతే ఇంటికి తిరిగొచ్చినప్పుడు బొమ్మ కింద నుంచి వెళ్ళాలి గదా, అక్కడికొచ్చేసరికి నోరు దానంతటదే మూతపడేది. కళ్ళజోడు తీసేద్దామా అని ఏసోబు అడిగితే, ఇప్పుడు తీస్తే ఆ పెద్దావిడ గుర్తుపట్టలేదు, ఉండనీ అన్నాడు. గాలికి రుమాలు జారిపోతే తనే ఎక్కి సర్దేవాడు.

వానలు వెనకబట్టాక మంజూరు వచ్చింది. దాని వెనకే బ్యాంకు అప్పూ వచ్చింది. గృహప్రవేశానికి పూర్ణయ్యను ఏసోబూ, కూలీలూ కలిసి మేడ మీద నుంచి కుర్చీతో సహా దింపారు. పురోహితుడు ముహూర్తం మించిపోతోందని గోల పెడుతున్నా పూర్ణయ్య వినలేదు. వాలు మీద నుంచి తనంతట తాను వీధిలోకి దిగాడు. వచ్చేపోయేవాళ్ళను పేరుపేరునా పలకరించాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ దిగాడు. దుర్గాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. చివరికి పురోహితుడే వీధిలోకొచ్చి ఆయన చేతికి తోరం కట్టాల్సొచ్చింది.

అప్పలస్వామి రాలేదు. దరఖాస్తు పెట్టినవాళ్ళ ఇళ్ళలో ఆయన చెయ్యి కడగడట. కానీ పూజ అయ్యి అందరూ విస్తళ్ళ ముందు కూర్చునే వేళకు, కోవెల నుంచి వస్తూ ఒక ముసలమ్మ ఇంటి ముందు ఆగింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మం పైకి వెతికి వెతికి చూసింది. పని పూర్తయింది కనక బొమ్మను ముందురోజే దించేశారు.

"మా అబ్బాయి బొమ్మ ఏదీ బాబూ? తీసేసేరేటి?"

కోటిలింగం ఆ రోజు కోసం ఎన్నో క్షమాపణలు మనసులో దాచుకున్నాడు. తీరా ఆవిడ అడిగాక, తీసేశామమ్మా అన్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని వాలు దగ్గరికి తీసుకొచ్చి, ఇది మీ అబ్బాయిగారు గీసి చూపించిందేనమ్మా, ఇదిగో, ఆయన దీని మీద నుంచే దిగారు అని పూర్ణయ్యను చూపించాడు. ముసలమ్మ చెప్పులు పక్కన విడిచి, దేవుడి మెట్టుకు పెట్టినట్టు పాదం పెట్టి, మెల్లగా పైదాకా నడిచింది. కాలికి తెలీకుండా ఎక్కించేస్తంది అని మెచ్చుకుంది. దుర్గాంబ బొట్టు పెట్టి చేతిలో అరటిపళ్ళు పెడితే, అవి కళ్ళకద్దుకుని, తలెత్తుకుని వీధి మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయింది.

మలుపు తిరిగేదాకా కోటిలింగం ఆవిడ వంకే చూస్తూ నిలబడ్డాడు. పక్కన నాంచారయ్యగారు ఉన్నారని గమనించి, ఆ పెద్దావిడకి కళ్ళు కనపడకపోవడం మన అదృష్టం గురువుగారూ, కనపడుంటే ఆ బొమ్మేమిటో తెలిసి ఎంత బాధపడి ఉండేదో అన్నాడు.

నాంచారయ్యగారు చెప్పులు వేసుకుంటూ, "ఆవిడకి కనపడదని నీకెవరు చెప్పారు, లింగం?" అన్నారు.