చుక్కలు చెరిపేసిన పళ్ళెం

విక్టోరియా రాణి కాలంలో, ఉత్తర ఇంగ్లండులోని ఒక గాజు కార్ఖానాలో ఆంబ్రోస్ అనే నమూనాలు గీసేవాడు ఉండేవాడు. పక్కవాళ్ళ పనికి తన పేరు తగిలించుకోవడం అతనికి అలవాటు. చొక్కా నలగకుండా మేడమీద గదిలో కూర్చునేవాడు. కొలిమి దగ్గరికి ఒక్కనాడూ దిగి ఎరగడు.

అతని చెల్లెలు తబిత మాత్రం పొద్దస్తమానం ఆ కొలిమి దగ్గరే ఉండేది. అచ్చులోంచి తీసిన వేడి పళ్ళేలను చల్లార్చే గదికి మోసేది. ఆ పొగకి ఆమెకు దగ్గు పట్టుకుంది. అయినా ఇంటికొచ్చి పొట్లాల కాగితాల మీద బొమ్మలు గీసేది. ఒకసారి పళ్ళెం అంచు చుట్టూ తీగలు, నడిమధ్య ఆవాలు చల్లినట్టు వందల చుక్కలు గీసి అన్నకు చూపించింది.

ఆ రోజుల్లో కొత్త నమూనాను గీసినవారి పేరుతో సర్కారు దగ్గర రిజిస్టరు చేయిస్తే మూడేళ్ళపాటు ఇంకెవరూ దాన్ని వాడకూడదు.

"ఆ రిజిస్టరు కాగితం మీద నా పేరు రాయించు అన్నయ్యా. ఇంకేమీ అడగను" అంది తబిత.

"పళ్ళేలు మోసేది గీసిందంటే నవ్విపోతారే" అన్నాడు ఆంబ్రోస్. తన పేరే రాయించుకున్నాడు. అంతటితో ఊరుకున్నాడా? చుక్కలు మోటుగా ఉన్నాయని చెరిపేసి, మధ్యభాగం నున్నగా వదిలేశాడు. ఇనుప అచ్చు కూడా అలాగే చెక్కారు.

పళ్ళేలు వచ్చాయి. ప్రతిదాని నడుమా, ముఖం మీద కత్తిగాటులా ఒక మచ్చ. యజమాని ఒక పళ్ళెం ఆంబ్రోస్ ముందు పెట్టి, గీసింది నువ్వేగా, ఇదెందుకొచ్చిందో చెప్పమన్నాడు. ఆంబ్రోస్ పళ్ళెం పట్టుకుని ఇంటికి పరిగెత్తాడు.

అప్పటికి దగ్గు ముదిరి తబిత మంచం దిగడం లేదు. మచ్చ మీద వేలితో రుద్ది చూసింది.

"కరిగిన గాజుముద్దను అచ్చులోకి జార్చి కత్తెరతో తెంపుతారు. తెంపినచోట ఈ మచ్చ పడుతుంది. అది కనపడకుండా వేశాను ఆ చుక్కలు. సోకుకి అనుకున్నావా?"

ఆంబ్రోస్ తల వంచుకున్నాడు. రిజిస్టరు కాగితం మార్పిస్తాను, నీ పేరే రాయిస్తాను అన్నాడు.

"దీనికా? ఇది నేను గీసింది కాదుగా అన్నయ్యా. దీనికి నా పేరు వద్దులే" అని తబిత గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ వారమే ఆమె పోయింది. ఆంబ్రోస్ ఆ పొట్లం కాగితం వెతికి తీసి, కొత్త కాగితం మీదికి చుక్క చుక్కా ఎక్కించి, తబిత పేరుతో రిజిస్టరుకి పంపాడు. గీసినవారి సంతకం లేదని అది తిరిగొచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అతను చాలాసేపు ఏడ్చాడు. ఆ ఏడుపు ఎవరికి కావాలి?

నీతి: ఒకరి పనిని దొంగిలిస్తే దాని రూపమే దక్కుతుంది, దాని వెనకున్న తెలివి దక్కదు, ఇవ్వాల్సిన పేరు మనిషి బతికుండగానే ఇవ్వాలి.