కౌజుల గూట్లో తడిక

అనగనగా కొండ వారన ఒక ఊళ్ళో అప్పాయమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడకి ఇద్దరు కోడళ్ళు. పెద్ద కోడలు పైడమ్మ, చిన్న కోడలు వరాలు.

ఆ ఊళ్ళో కాపురానికొచ్చే పిల్ల పుట్టింటి నుంచి పిట్టల్ని తెచ్చుకునేది. పైడమ్మ గిన్నికోళ్ళను తెచ్చింది. ఒంటి నిండా తెల్ల చుక్కలు, గొంతు మాత్రం తుప్పు పట్టిన గిలక. ఆ తర్వాత వరాలు కౌజుపిట్టల్ని తెచ్చింది. గుప్పెట్లో పట్టేంత పిట్టలు. అవి తప్ప ఆ ఇంట్లో వరాలుది అనేది ఇంకేమీ లేదు.

"అన్నీ ఒకే గూట్లో ఉండాలి," అంది అప్పాయమ్మ. గూళ్ళు వేరైతే కొడుకుల కాపురాలూ వేరవుతాయని ఆవిడ భయం.

అప్పుడేమైంది? గిన్నికోడి పుంజు మేత తొట్టి ముందు కాపలా నిలబడింది. దగ్గరకొచ్చిన కౌజునల్లా పొడిచింది. అవి బెదిరి నిలువునా ఎగిరాయి. పైకప్పు తగిలి తలలు చిట్లాయి. గుడ్లు పెట్టడం మానేశాయి.

"చిన్నవి. అవే సర్దుకోవాలి," అంది అప్పాయమ్మ. "గౌరమ్మ పండగ దాకా చూస్తాను. అప్పటికీ ఈ గోల ఆగకపోతే కూర వండేస్తాను."

చూశావా చిట్టీ, సర్దుకోవడం ఎప్పుడూ చిన్నవాళ్ళ వైపే జారుతుంది, పళ్ళెం వంచితే పులుసు జారినట్టు.

వరాలు మొదట ఇంకో మేత తొట్టి పెట్టింది. పుంజు రెండింటికీ కాపలా కాసింది.

ఆ తర్వాత గిన్నికోళ్ళు ఎక్కి కూర్చోడానికి పైన ఒక వాసం కట్టింది. అవి ఎక్కాయి. వాటి రెట్టంతా కింద కౌజుల మీద, వాటి నీళ్ళలో పడింది. కౌజులకి జబ్బు చేసింది. ముడుచుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాయి.

వరాలు వాటిని బుట్టలోకి తీసి, విడిగా వసారాలో పెట్టింది. అప్పుడు తనే గూట్లో దూరి నేల మీద బోర్లా పడుకుంది.

"ఏటే, నువ్వూ గుడ్లు పెడతావా?" అని నవ్వింది పైడమ్మ.

"ఇక్కణ్ణుంచి చూడక్కా. ఏ మూల దాక్కున్నా పుంజుకి కనబడతాం. తప్పు కౌజుల్ది కాదు, గిన్నిలదీ కాదు. గూటిది."

పైడమ్మ నవ్వాపింది. తనూ దూరి, పక్కన పడుకుని చూసింది.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి వెదురు తడిక అల్లారు. గూటి మధ్యలో నేల నుంచి కప్పు దాకా దాన్ని కట్టారు. అటు గిన్నికోళ్ళకి వాసం, ఇటు కౌజులకి దాక్కోడానికి ఎండుగడ్డి పొదలు. ఎగిరినా తల పగలకుండా కౌజుల వైపు కప్పు కింద పాత చీర బిగించారు. మేత వేరు, నీళ్ళు వేరు. జబ్బు పూర్తిగా నయమయ్యాకే కౌజుల్ని లోపల వదిలారు.

అప్పాయమ్మ వచ్చి చూసింది. "వేరు పెట్టేశారన్నమాట," అంది.

"గూడు ఒకటే అత్తా. లోపల చాటు వచ్చిందంతే," అంది వరాలు.

గౌరమ్మ పండగ వచ్చింది. ఇంకా నమ్మకం కుదరని అప్పాయమ్మ మసాలా నూరి, గూటి తలుపు తీసి, పొదలో చెయ్యి పెట్టింది. చేతికి వెచ్చగా గుడ్లు తగిలాయి, గోధుమరంగు మచ్చలతో. వరాలు తలుపు పక్కనే నిలబడింది.

అప్పాయమ్మ గుడ్లు కొంగులో వేసుకుని తలుపు మూసింది. ఆ మసాలాతో గుడ్ల పులుసు పెట్టింది.

అన్నాలయ్యాక అప్పాయమ్మ వచ్చి వరాలు పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "ఇంకో తడిక మిగిలిందా? వసారాలో నా మంచం పక్కన కట్టండే. ఈ ఇంటికొచ్చిన కాణ్ణుంచీ చాటుగా కూర్చుని తల దువ్వుకున్నది లేదు."

ఆ సాయంత్రమే కోడళ్ళిద్దరూ ఇంకో తడిక అల్లారు.

వాసమేమో గిన్నికి,
పొదలేమో కౌజుకి,
తడిక చాటు అత్తకి,
కథేమో కంచికి,
నీ కళ్ళు నిద్దరకి.