ఊటమ్మ నోటి మీద చెయ్యి ఎందుకుంది

సిరిబండె వైపు నుంచి వచ్చినా, నల్లగుండు వైపు నుంచి వచ్చినా బస్సు కనుమ దగ్గరే ఆగుతుంది. అక్కణ్ణుంచి ఊటమ్మ గుడికి అరకిలోమీటరు నడవాలి. మెట్లు లేవు, బండ మీదే దారి. మధ్యాహ్నం వస్తే అరికాళ్ళు కాలిపోతాయి, పొద్దున పదిలోపు రండి. గుడి చిన్నది, గోపురం లేదు. గర్భగుడికి మాత్రం రెండు వాకిళ్ళు. తూర్పు వాకిలి తెలుగోళ్ళది, పడమటి వాకిలి కన్నడమోళ్ళది. తూర్పు నుంచి వచ్చినవాళ్ళు బిందెతో నీళ్ళు తెచ్చి అమ్మవారికి పోస్తారు. పడమటి నుంచి వచ్చినవాళ్ళు రాగిముద్ద, ఉలవచారు తెచ్చి అమ్మవారి ముందు పెడతారు.

ఎందుకిలా అని అడిగి చూడండి. రెండు వైపులవాళ్ళూ ఒకే జవాబు చెప్తారు, ఆమె పేరే ఊటమ్మ కదా అని. తెలుగులో ఊట అంటే బండ సందులోంచి ఊరే నీళ్ళు. కన్నడంలో ఊట అంటే భోజనం. రెండూ నిజమే. ఆ రెండూ నిజం కావడం వల్లే ఇక్కడ ఒక మనిషి పోయాడు.

లోపల విగ్రహం రెండడుగుల నల్లరాయి. నిలబడిన ఆడమనిషి, భుజం మీద కంబళి, కుడిచెయ్యి నోటికి అడ్డం. కొత్తగా వచ్చినవాళ్ళు అమ్మవారు సిగ్గుపడుతోందని అనుకుంటారు. అది సిగ్గు కాదు.

పూర్వం ఇక్కడ ఈ కనుమకి అటొక పాళెం, ఇటొక పాళెం ఉండేవి. తూర్పున నల్లగుండుకి ఓబులప్పనాయుడు, పడమట సిరిబండెకి తిమ్మణ్ణ నాయక పాళెగాళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఇద్దరికీ పడదు. వీళ్ళ ఎద్దుల్ని వాళ్ళు తోలుకుపోతారు, వాళ్ళ గడ్డివాముల్ని వీళ్ళు తగలబెడతారు. ఆ రోజుల్లో ఉత్తరం నుంచి ఒక గుర్రపు దండు బయల్దేరింది. దారిలో ఉన్న పాళేలన్నింటినీ ఒక్కొక్కటిగా తొక్కుకుంటూ వస్తోంది. దాన్ని ఆపడం నల్లగుండు ఒక్కదాని వల్లా కాదు, సిరిబండె ఒక్కదాని వల్లా కాదు. ఇద్దరూ కలిస్తే కనుమ దగ్గర ఆపొచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ముందుగా వెళ్ళి అడిగేదెవరన్నదే చిక్కు. కత్తి పట్టినవాడు వెళ్తే తల తిరిగిరాదు.

నల్లగుండులో నింగమ్మ అని ఒక కురుబామె ఉండేది. గొర్రెబొచ్చు కంబళ్ళు నేసి రెండు పాళేల్లోనూ అమ్ముకునేది. తెలుగూ కన్నడమూ రెండూ ఆమెకి తల్లిభాషలే. నాయుడు ఆమెను పిలిపించాడు.

"కంబళ్ళు అమ్ముకునేదానివి, రాయబారం నీకేం తెలుసు నింగమ్మా?"

"రెండూ ఒకటే దొరా. ఎదుటి మనిషికి యాడ చలేస్తాందో కనుక్కుంటే సరిపాయ."

"వాళ్ళు నీ తల తీసేస్తే?"

"తీస్తే తీస్తారు. చలికాలం కంబళ్ళెవరు తెస్తారని వాళ్ళ ఆడోళ్ళు అడగరా?"

అలా వెళ్ళింది. మొదటిసారి తిమ్మణ్ణ నాయక ఆమెను వాకిట్లోనే నిలబెట్టాడు.

"మీ నాయుడు నా ఎద్దుల్ని తోలుకుపోయినప్పుడు ఒక మాట చెప్పి పంపలేదే. ఇప్పుడెందుకు పంపినాడు?"

"ఎద్దులకి రెండు భాషలూ వస్తాయి సామీ. ఇంక మాతో పనేముందనుకున్నాడు."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాయక నవ్వలేదు గానీ, కూర్చోమని చాప చూపించాడు.

నింగమ్మ ఏడుసార్లు తిరిగింది. ఈయన "ఆ దొంగ" అంటే అక్కడికెళ్ళి "నాయకగారు" అని చెప్పేది. ఆయన "ఆ ముసలి నక్క" అంటే ఇక్కడికొచ్చి "నాయుడుగారు" అనేది. గరుకు మాటల్ని కనుమలోనే వదిలేసి మెత్తని మాటల్ని మాత్రమే మోసుకొచ్చేది. పని బాగానే జరిగింది. కానీ అలా తిరిగీ తిరిగీ, మాటల్ని విడిచిపెట్టడం ఆమెకి అలవాటైపోయింది.

చివరికి ఒప్పందం కుదిరింది. దండు వస్తే ఎవరి గుట్ట మీద మంట కనిపించినా రెండోవాళ్ళు రావాలి. అయితే తిమ్మణ్ణ నాయక ఒకటి పట్టుబట్టాడు. నల్లగుండువాళ్ళు ఇంతకుముందు రెండుసార్లు మాట తప్పారు కాబట్టి, ఒక ఎండాకాలం దాటేదాకా వాళ్ళ మనిషొకడు తన దగ్గర తాకట్టుగా ఉండాలన్నాడు. నాయుడు తన కొడుకుల వైపు చూడలేదు, నింగమ్మ వైపు చూశాడు.

"నీ మాట మీద నీకు నమ్మకముంటే నీ తమ్ముణ్ణే పంపు."

ఆమె తమ్ముడు కెంచప్ప. ముప్పై ఏళ్ళవాడు, గొర్రెలకి బొచ్చు కత్తిరిస్తాడు, కత్తెర ఆగినా నోరాగదు. వెంటనే మూట కట్టుకున్నాడు.

"పెళ్ళయినాక అత్తగారింటికి పోతాననుకుంటి. పెళ్ళి లేకుండానే పంపుతాంది మా అక్క," అన్నాడు. నింగమ్మ నవ్వింది. తను కుదిర్చిన మాట కదా, వాడికేం కాదని ఆమె నమ్మింది.

ఒప్పందం చేసుకున్నది ఇప్పుడు గుడి ఉన్న ఈ బండ మీదే. పట్టపగలు, రెండు పాళేల జనం చూస్తుండగా, ఇద్దరు నాయకులూ బండ మీద చేతులు పెట్టి ఎవరి షరతులు వాళ్ళు పైకి చెప్పాలి. నింగమ్మ మధ్యలో నిలబడి మాట మాటనీ అటూ ఇటూ మార్చి చెప్తోంది. చివరి షరతు ఓబులప్పనాయుడిది. నల్లగుండులో మూడేళ్ళుగా బావులెండిపోయాయి. బండ సందులోని నీళ్ళు చూస్తే సిరిబండె సరిహద్దులో ఉన్నాయి.

"ఎండాకాలం నాలుగు నెలలూ మా జనానికి, మా గొడ్డుకి ఊట ఇయ్యాల," అన్నాడు నాయుడు.

నింగమ్మ ఆ మాటను మార్చే లోపలే తిమ్మణ్ణ నాయక చెయ్యి ఊపాడు. ఊట అన్న మాట తన మాటే కదా, మళ్ళీ చెప్పించుకోవడమెందుకని. "ఊట తానే? కొట్రాయ్తు బిడి," అన్నాడు. అంటే, భోజనమే కదా, ఇచ్చేద్దాం లెండి అని. గొడ్డుకి మేత, జనానికి అన్నం అనుకున్నాడాయన. కరువులో ఉన్న పొరుగువాణ్ణి నాలుగు నెలలు పోషించడానికి క్షణం కూడా ఆలోచించకుండా ఒప్పుకున్నాడు. నాయుడేమో నీళ్ళు దొరికాయనుకున్నాడు. ఇద్దరూ ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒకళ్ళ మొహం చూసి ఒకళ్ళు నవ్వారు.

అక్కడున్న అంతమందిలో జరిగిన తప్పు తెలిసింది నింగమ్మ ఒక్కతికే. చెప్పాలని నోరు తెరిచింది. ఏడుసార్లు తిరిగిన దారి గుర్తొచ్చింది. ఇప్పుడు ఆపితే, వీళ్ళు మోసం చేయబోయారని వాళ్ళూ, వాళ్ళు మాట మారుస్తున్నారని వీళ్ళూ లేచిపోతారేమోనని భయపడింది. ఎండాకాలం ఇంకా దూరముంది, మెల్లగా వేరుగా చెప్తే సరిపోతుందనుకుంది. తెరిచిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పుష్యమాసంలో దండు వచ్చింది. నల్లగుండు గుట్ట మీద మంట లేచిన పూటే సిరిబండె మనుషులు ఈటెలతో దిగారు. రెండు పాళేలూ కలిసి కనుమలో రాళ్ళు దొర్లించి గుర్రాల్ని ఆపాయి. దండు వేరే దారి చూసుకుంది. ఆ సంక్రాంతికి రెండు వైపులా ఒకరి పాటలు ఒకరు పాడుకున్నారు. అంత సంతోషంలో ఊట సంగతి ఎలా ఎత్తాలో నింగమ్మకి తెలియలేదు. తర్వాత నాయుడి ఇంట్లో పెళ్ళి వచ్చింది, పెళ్ళయ్యాక చెప్దామనుకుంది. తర్వాత నాయకకి జ్వరమొచ్చింది, తగ్గాక చెప్దామనుకుంది.

కంబళ్ళతో సిరిబండె వెళ్ళినప్పుడల్లా తమ్ముణ్ణి చూసొచ్చేది. ఒకసారి వాడికి మాత్రం నిజం చెప్పింది. కెంచప్ప చేతిలో పని ఆపి ఆమె దగ్గరికి జరిగాడు.

"నువ్వే చెప్పాల అక్కా. నేను తాకట్టు మనిషిని, నేను చెప్తే తప్పించుకునేదానికి చెప్తాండాననుకుంటారు."

"చెప్తాలే రా."

"ఎప్పుడు?"

"వచ్చే వారం."

"నీది నోరా, కుండ మీద మూతా?" అన్నాడు నవ్వుతూనే.

ఆ వచ్చే వారం రాలేదు. చైత్రం వచ్చింది. మొదటి సోమవారం పొద్దున నల్లగుండు జనం బిందెలు నెత్తిన పెట్టుకుని, పశువుల్ని తోలుకుని ఊట దగ్గరికి నడిచారు. సిరిబండెవాళ్ళు మాట ప్రకారం సిద్ధంగానే ఉన్నారు. బండ పొడవునా మోదుగాకుల విస్తళ్ళు పరిచి ఉన్నాయి. నాలుగు వందలమందికి రాగిముద్ద వండారు. వడ్డించేవాళ్ళలో కెంచప్ప కూడా ఉన్నాడు. రండి, కూర్చోండని కన్నడంలో పిలుస్తున్నారు. వీళ్ళు విస్తళ్ళ మధ్యలోంచి నీళ్ళ వైపు పోబోయారు. కాపలావాళ్ళు అడ్డం నిలబడి, ముందు ఊట, ముందు ఊట అన్నారు. మేమూ అదే అడుగుతున్నాం కదా అని వీళ్ళు. దాహంతో వచ్చిన మనిషికి ముద్ద చూపిస్తే ఎగతాళి అనుకున్నాడు, ఒకడు విస్తరి తన్నాడు. పెట్టిన అన్నాన్ని తన్నినవాణ్ణి అవతలివాడు తోశాడు. రాళ్ళు లేచాయి.

కెంచప్ప గరిటె పారేసి మధ్యలోకి పరిగెత్తాడు. తెలుగోళ్ళ వైపు తిరిగి "వాళ్ళకి ఊటంటే అన్నం" అని అరిచాడు. కన్నడమోళ్ళ వైపు తిరిగి రెండో సగం చెప్పబోయాడు. తలకి రాయి తగిలింది. ఎవరు వేసిన రాయో ఈనాటికీ ఎవరూ చెప్పలేరు.

ఆ పొద్దు నింగమ్మ పక్క ఊళ్ళో ఉంది. కబురు విని వచ్చేసరికి తమ్ముడు విస్తళ్ళ మీద పడి ఉన్నాడు. రెండు వైపులా జనం చేతుల్లో రాళ్ళతో నిలబడి ఉన్నారు. ఇద్దరు నాయకులూ కూడా వచ్చారు. ఆమె ఏడవలేదు. ఇద్దరి మధ్యా నిలబడి, రెండు భాషల్లోనూ ఒకటే చెప్పింది.

"ఆయనడిగింది నీళ్ళు. ఈయన ఇచ్చింది అన్నం. నాకు ఆ పొద్దే తెలుసు."

తిమ్మణ్ణ నాయక ఆమెను అలాగే చూశాడు.

"నీళ్ళా? ఇంతేనా?" అన్నాడు. "నీళ్ళయితే నీళ్ళే ఇస్తుంటిని గదా తల్లీ. ఒక్క మాట అంటే సరిపోయేది."

ఆ మాట వినలేక ఆమె మళ్ళీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఒప్పందం చెడలేదు. నాలుగు నెలలూ నీళ్ళిచ్చారు, మాటిచ్చారు కాబట్టి అన్నమూ పెట్టారు. రెండు పాళేలూ ఆ తర్వాత ఎప్పుడూ కొట్టుకోలేదు. నింగమ్మ మగ్గం వదిలేసి ఊట పక్కనే పాక వేసుకుంది. వచ్చినవాళ్ళకి నీళ్ళు తోడిపోసేది. ఎవరైనా ఏదైనా అడిగితే, ఏమడిగావో ఇంకోసారి ఇంకో రకంగా చెప్పమనేది. పిచ్చిదని కొందరనుకున్నారు.

పన్నెండేళ్ళకి ఆమె పోయింది. ఆ నెలలోనే ఒకే తెల్లారుజామున ఇద్దరు నాయకులకీ కలలో కనిపించింది. అప్పటికి ఇద్దరూ ముసలివాళ్ళు. కర్రలు పట్టుకుని బండ దగ్గరికి వచ్చి కలుసుకున్నారు.

"ఏం చెప్పింది నీకు?" అన్నాడు నాయుడు.

"నీకేం అర్థమైందో ముందు నువ్వు చెప్పు. నాకేం అర్థమైందో తర్వాత నేను చెప్తా," అన్నాడు నాయక.

గుడి వద్దు, మాట్లాడుకునేవాళ్ళకి ఇక్కడ కాస్త నీడ కట్టండని ఇద్దరికీ చెప్పిందట. నీడ కట్టారు. తర్వాతివాళ్ళు దాన్ని గుడి చేసి విగ్రహం పెట్టారు.

ఆ ముసలివాళ్ళు ఆ రోజు చేసినదాన్నే ఇక్కడ తిరుగుమాట అంటారు. పెళ్ళి మాటలకైనా, పొలం హద్దుకైనా, పొత్తు వ్యాపారానికైనా ఇక్కడికి వచ్చినవాళ్ళు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు చెప్పినదాన్ని రెండోవాళ్ళు తమకి అర్థమైనట్టుగా తిరిగి చెప్పాలి. అవును, అదే అని మొదటివాళ్ళు ఒప్పుకునేదాకా పూజారి హారతి వెలిగించడు. పోయినేడు ఒక పెళ్ళిమాట సాయంత్రం దాకా తెగలేదు. పిల్ల మా ఇంట్లో కూతురిలా ఉంటుందని పిల్లవాడి తల్లి అంది. "అంటే మీ కూతురిలాగా రోజూ స్కూటర్ మీద ఉద్యోగానికి పోవచ్చా అత్తా?" అని పిల్ల తిరుగుమాట చెప్పింది. ఆ తల్లి తన వాళ్ళతో పక్కకెళ్ళి మాట్లాడి వచ్చింది. చివరికి కాదనే చెప్పింది. రెండు కుటుంబాలూ లేచాయి.

మాట కుదిరినవాళ్ళకి అమ్మవారి దయ వల్ల సంసారం, స్నేహం, పొత్తు నిలుస్తాయని పెద్దలు చెప్తారు. అయితే ఈ గుడిలో తీర్థమూ, ముద్ద ప్రసాదమూ ముందుగా ఇచ్చేది వాళ్ళకి కాదు. మాట కుదరక లేచిపోతున్నవాళ్ళని పూజారి వెనక్కి పిలుస్తాడు. రెండు వైపులవాళ్ళనీ పక్కపక్కనే కూర్చోబెట్టి మొదటి విస్తళ్ళు వాళ్ళకే వేస్తాడు. ఆ పొద్దు ఈ బండ మీద నింగమ్మ నోరు విప్పి ఉంటే మాట చెడిపోయేదేమో. చెడితే ఎనిమిదోసారి వెళ్ళేది. కెంచప్ప మూట విప్పకుండానే ఇంటికి వచ్చేవాడు.