గుర్రపు ఏడాది గజ్జెలు

మా ముత్తవ్వ సూరాయమ్మ నాటి మాట. చీనా లెక్కలో పన్నెండేళ్లకోసారి గుర్రపు ఏడాది వస్తుందనీ, అప్పుడు పుట్టినవాళ్లు పరుగెత్తితేనే సుఖపడతారనీ ఒక వర్తకుడు రాజుగారికి చెప్పాడట. వెంటనే రాజుగారు, ఆ ఏడాది పుట్టిన మా ముత్తాత కాళ్లకు గజ్జెలు కట్టించి, ఉత్తరాలు మోసే పరుగులో పెట్టారు. మూడేళ్లపాటు ఆ గజ్జెలు మా గుమ్మం ముందునుంచే సాగిపోయేవి. ఆగితే కొరడా దెబ్బలు.

ముత్తవ్వ దేవుడికి దండం పెట్టుకుని కొలువుకు వెళ్లింది.

"మా ఆయనకు నలభై ఎనిమిది నిండాయి. మొన్ననే తమకు షష్టిపూర్తి అయింది. తమరూ గుర్రపు ఏడాదివారే కదా ప్రభూ! కూర్చుని ఎంత కష్టపడుతున్నారో అని గజ్జెలు తెచ్చాను," అంది.

రాజుగారు ఆ గజ్జెలకేసి, తన పొట్టకేసి చూసుకున్నారు.

"వాణ్ణి ఇంటికి పంపేయండిరా!" అన్నారు.

సాయంత్రం గజ్జెలు వినబడ్డాయి. అవి దూరమయ్యేదాకా వినాలని, అలవాటుగా ముత్తవ్వ కళ్లు మూసుకుంది. చప్పుడు గుమ్మంలోనే ఆగిపోయింది.